బ్యారెల్ అంటే 159 లీటర్లే ఎందుకు? 42 గ్యాలన్ల లెక్క ఎక్కడ పుట్టింది, టన్ను ఎందుకు పోలేదు?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎంసీఎక్స్‌లో, అంటే మన సరుకుల ఎక్స్ఛేంజీలో, క్రూడ్ (ముడి చమురు) ట్రేడ్ చేస్తున్నారు. బ్యారెల్ అంటే 158.987 లీటర్లని చదివారు. గుండుగా 150 అనో 200 అనో పెట్టుకోకుండా ఈ వంకర అంకె ఏమిటి, ఎవరు పెట్టారు, పేపర్లో ధర బ్యారెల్‌కి చెప్పి దిగుమతులు టన్నుల్లో ఎందుకు రాస్తారు, ఇప్పటికీ పీపాల్లోనే వస్తుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. బ్యారెల్ అనే పాత్ర ఇప్పుడు వ్యాపారంలో లేదు. అది 42 అమెరికన్ గ్యాలన్ల లెక్కకు పేరు, అంతే. 1860ల్లో పెన్సిల్వేనియా నూనె బావుల దగ్గర అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ కొలతల మీద రోజూ గొడవ జరిగేది. దాన్ని తేల్చుకోవడానికి 40 గ్యాలన్లకు డబ్బు తీసుకుని, ఇంకో 2 గ్యాలన్లు ఊరికే ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ 42 గ్యాలన్లే మీరు చదివిన 158.987 లీటర్లు. టన్ను వేరే దారిలో, రష్యా, బ్రిటన్ వైపు నుంచి వచ్చింది. ధర చెప్పడానికి బ్యారెల్, స్టాకు లెక్క తేల్చడానికి టన్ను అలవాటై రెండూ నిలబడిపోయాయి. క్రూడ్ నిజంగా పీపాల్లో రావడం ఆగిపోయి వందేళ్లు దాటింది.

నేను చాలా ఏళ్లు కార్గో సర్వేయర్‌గా పనిచేశాను, మొదట విశాఖలో, తర్వాత గల్ఫ్ దేశం యూఏఈలోని ఫుజైరా రేవులో. ఓడ నుంచి ఎంత క్రూడ్ దిగిందో కొలిచి, కొన్నవాళ్లకీ అమ్మినవాళ్లకీ మధ్య కాగితం మీద సంతకం పెట్టే పని అది. రోజంతా బ్యారెళ్లు, టన్నులు, క్యూబిక్ మీటర్ల మధ్య అటూ ఇటూ మార్చుకుంటూ ఉండాలి కాబట్టి, ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలన్న కుతూహలం కూడా ఆ పనితోనే వచ్చింది.

పీపాల కరువు

1859 ఆగస్టు 27న పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో 69.5 అడుగుల లోతున నూనె పడింది. ఏడాది తిరగకముందే ఆయిల్ క్రీక్ అనే ఆ వాగు ఒడ్డంతా బావులే. నూనె తీయడానికి పరుగెత్తుకొచ్చినవాళ్లు దాన్ని దేంట్లో పొయ్యాలో ఆలోచించలేదు. చేతికి దొరికిన పీపా తెచ్చుకున్నారు. విస్కీ పీపాలు, బీరు పీపాలు, చేపలు ఊరవేసినవి, టర్పెంటైన్‌వి, బెల్లపు పాకంవి. ఒక్కోటి ఒక్కో సైజు. 30 గ్యాలన్లవి ఉన్నాయి, 50 గ్యాలన్లవీ ఉన్నాయి.

1860 మొదట్లో బ్యారెల్ 20 డాలర్ల దాకా పలికింది. 1861లో ఎంపైర్ అనే బావి రోజుకు 3 వేల బ్యారెళ్లు చిమ్మడం మొదలుపెట్టేసరికి ఆ ఏడాది చివరికి ధర 10 సెంట్లకు పడిపోయింది. అప్పుడు ఖాళీ పీపా ఖరీదు అందులో పోసే నూనె కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పీపాలు దొరక్క చాలామంది నూనెను వాగులోకి వదిలేశారు.

పీపా దొరికినా చెక్కపీపా కాబట్టి కారుతుంది. బావి దగ్గర నింపి, బురదదారుల్లో గుర్రపుబండ్ల మీద లాక్కుపోయి, పడవల్లోకి ఎక్కించేవారు. వాగులో నీళ్లు చాలకపోతే ఎగువన అడ్డుకట్టలు కట్టి, ఒక్కసారిగా గండి కొట్టి, ఆ వరద మీద వందల పడవల్ని దిగువకి వదిలేవారు. పడవలు ఒకదానికొకటి గుద్దుకుని ఎంతో నూనె ఏటిపాలయ్యేది. ఇవన్నీ దాటి పిట్స్‌బర్గ్ చేరాక పీపా తెరిస్తే నింపినంత ఉండదు. కొన్నవాడు తను నిండు పీపాకి డబ్బు కట్టానంటాడు, అమ్మినవాడు తను నిండుగానే పోశానంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఆ 2 గ్యాలన్లు కొసరు

1866 ఆగస్టులో అక్కడి ఉత్పత్తిదారులు కొందరు కలిసి ఒక ప్రకటన చేశారు. ఇకమీదట పీపా లెక్కన అమ్మం, గ్యాలన్ల లెక్కనే అమ్ముతాం, ప్రతి 40 గ్యాలన్లకూ 2 గ్యాలన్లు కొన్నవాడికి మొగ్గుగా వదిలేస్తాం అని దాని సారాంశం. సంతలో కూరగాయల మీద వేసే కొసరు లాంటిదే ఇది. నిజానికి ఆ ప్రకటనతో పీపా లెక్క చచ్చిపోవాలి. కానీ 40కి 2 కలిపిన 42 అప్పటికే అందరూ ఎరిగిన ఒక పీపా సైజు కావడంతో లెక్క తిరిగి పీపా పేరు మీదకే వచ్చి చేరింది.

ఆ పీపా పేరు టియర్స్. ఇంగ్లండులో రిచర్డ్ 3 కాలంలో, 1484 నాటి శాసనం వైన్ పాత్రల సైజులు ఖాయం చేసింది. అన్నిటికంటే పెద్దది టన్, 252 గ్యాలన్లు. అందులో సగం పైప్, 126. పైపులో మూడో వంతు టియర్స్, 42. ఆ జాబితాలో బ్యారెల్ అనే పేరుతో ఉన్నది 31.5 గ్యాలన్లే. అంటే మనం బ్యారెల్ అంటున్నది పాత లెక్క ప్రకారం బ్యారెల్ కానే కాదు. ఇంకో సంగతి. పెద్దపీపా టన్ లెక్కనే ఓడలు ఎంత సరుకు పట్టేవో చెప్పేవారు, బరువు కొలిచే టన్నుకీ మూలం అదే. 6 టియర్స్‌లు ఒక టన్. ఈ రోజు క్రూడ్ వ్యాపారంలో దెబ్బలాడుకుంటున్న బ్యారెల్, టన్ను రెండూ ఒకే వైన్ కొట్టులో పుట్టాయన్నమాట.

అమెరికాకి వలస వెళ్లినవాళ్లు ఈ 42 గ్యాలన్ల పీపాను వెంట తీసుకెళ్లారు. చేపలకీ సబ్బుకీ వెన్నకీ తిమింగలం నూనెకీ అదే వాడారు. నూనె నింపితే పీపాతో కలిపి 300 పౌండ్ల పైమాటే, అంటే 136 కిలోలు దాటుతుంది. ఒక మనిషి దొర్లించి ఎత్తుకి తోయగలిగే బరువుకి అదే హద్దు. అంతకంటే పెద్దదైతే ఇద్దరు కావాలి, చిన్నదైతే కూలి గిట్టదు. 42 నిలబడిపోవడానికి శాసనం కంటే ఈ కారణమే పెద్దదని నా అభిప్రాయం.

1872లో పెట్రోలియం ఉత్పత్తిదారుల సంఘం 42 గ్యాలన్లను ప్రమాణంగా ఒప్పుకుంది. 1882లో అమెరికా జియలాజికల్ సర్వే తన గణాంకాల్లో అదే తీసుకుంది. అక్కడితో బ్యారెల్‌కి సర్కారు ముద్ర పడింది.

గ్యాలన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే 158.987 అనే అంకెలో వంకర అంతా అక్కడే ఉంది. ఆన్ రాణి కాలంలో 1707లో బ్రిటన్ వైన్ గ్యాలన్‌ను 231 ఘనపు అంగుళాలుగా ఖాయం చేసింది. అమెరికా స్వతంత్రం వచ్చాక కూడా దాన్నే ఉంచుకుంది. బ్రిటన్ మాత్రం 1824లో దాన్ని వదిలేసి, 10 పౌండ్ల నీళ్లు పట్టే ఇంపీరియల్ గ్యాలన్‌కి మారింది. అందుకే అదే బ్యారెల్ అమెరికన్ గ్యాలన్లలో 42, ఇంపీరియల్‌లో సుమారు 35. 42ని 231తో గుణిస్తే 9,702 ఘనపు అంగుళాలు. దాన్ని లీటర్లలోకి మార్చండి, 158.987 వస్తుంది. వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు.

పీపా పోయింది, పేరు మిగిలింది

1865లోనే శామ్యూల్ వాన్ సైకెల్ అనే వ్యాపారి పిట్‌హోల్ నుంచి మిల్లర్ ఫార్మ్ రైల్వే స్టేషను దాకా 5 మైళ్ల పైన, 2 అంగుళాల గొట్టం వేశాడు. బ్యారెల్‌కి 1 డాలరు తీసుకున్నాడు. బండ్లవాళ్ల నోటిదగ్గర కూడు పోయింది. గొట్టాన్ని తవ్వి పీకేశారు, తుపాకులతో కాపలా పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది డెన్స్‌మోర్ సోదరులు రైలు పెట్టె మీద రెండు పెద్ద చెక్క తొట్లు బిగించి నూనె పంపారు. అంటే 42 గ్యాలన్ల ఒప్పందం కుదిరేనాటికే పీపాకి కాలం చెల్లడం మొదలైంది.

మరి పేరు ఎందుకు మిగిలింది? వ్యాపారం కాగితాల మీదకి ఎక్కింది కాబట్టి. పైపులైను కంపెనీ మీ నూనె తీసుకుని, ఇన్ని బ్యారెళ్లు మా దగ్గర ఉన్నాయని సర్టిఫికెట్ ఇచ్చేది. 1870ల్లో టైటస్‌విల్, ఆయిల్ సిటీ ఎక్స్ఛేంజీల్లో జనం ఆ సర్టిఫికెట్లనే కొని అమ్మేవారు. ఒక్కోటి 1,000 బ్యారెళ్లకు. నూనె చుక్క చూడనివాళ్లు కూడా డబ్బు చేసుకున్నారు, పోగొట్టుకున్నారు. ఈ కథ 1895లో ఒక్క దెబ్బతో ముగిసింది. బజారు రేటుతో మాకు పని లేదు, మేం చెప్పిన ధరకే కొంటాం అని రాక్‌ఫెల్లర్ కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ కొనుగోలు ఏజెన్సీ ప్రకటించేసరికి ఎక్స్ఛేంజీలు మూతపడ్డాయి. మళ్లీ 1983 మార్చి 30న న్యూయార్క్ మర్కంటైల్ ఎక్స్ఛేంజ్ క్రూడ్ ఫ్యూచర్స్ (రాబోయే తేదీ సరుకుకి ఇప్పుడే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు) తెచ్చినప్పుడు కాంట్రాక్టు సైజు ఎంత పెట్టిందో తెలుసా? 1,000 బ్యారెళ్లే.

బ్యారెల్‌ను బీ-బీ-ఎల్ అని రెండు బీలతో రాయడం చూసి, అది స్టాండర్డ్ ఆయిల్ వాడిన నీలిరంగు బ్యారెల్‌కి పొట్టిపేరని చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు. నమ్మకండి. డ్రేక్ బావికి ముందే, 18వ శతాబ్దంలోనే, ఇతర సరుకుల చిట్టాల్లో ఆ పొట్టిపేరు ఉంది.

టన్ను ఎటు నుంచి వచ్చింది

పెన్సిల్వేనియా ఒక పక్క. కాస్పియన్ ఒడ్డున బాకు ఇంకో పక్క. అక్కడ పీపా చేయడానికి తగిన చెక్క దొరకదు, దూరం నుంచి తెచ్చుకోవాలి. నూనెను రష్యన్ బరువు పూద్‌లలో, అంటే ఒక్కోటి 16.38 కిలోల లెక్కన, తూచేవారు. నోబెల్ సోదరులు 1878లో జొరాస్టర్ అనే ట్యాంకర్ ఓడను కాస్పియన్‌లో దింపాక నూనె నేరుగా ఓడ కడుపులోకే వెళ్లింది, పీపా అవసరమే రాలేదు. 1900 ప్రాంతంలో ప్రపంచ చమురులో దాదాపు సగం బాకు నుంచే వచ్చేది. ఈ రోజుకీ రష్యా తన ఉత్పత్తిని టన్నుల్లో చెప్పడానికి మూలం అక్కడ ఉంది.

బ్రిటిష్‌వాళ్లకి ఓడలు, బొగ్గు రెండూ టన్నుల వ్యవహారం. బొగ్గు స్థానంలో నూనె వచ్చినా లెక్క మారలేదు. 1933లో ఇరాన్ ప్రభుత్వం ఆంగ్లో పర్షియన్ కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందంలో రాయల్టీ టన్నుకి 4 షిల్లింగులు. విచిత్రం ఏమిటంటే అదే ఏడాది సౌదీ రాజు ఒక అమెరికన్ కంపెనీతో చేసుకున్న ఒప్పందంలోనూ అంతే, టన్నుకి 4 బంగారు షిల్లింగులు. ఈ రోజు సౌదీ ధర అంటే బ్యారెల్‌కి డాలర్లు. మొదట్లో మాత్రం టన్నుకి షిల్లింగులే.

ఆసియాకి ఈ రెండూ కాని మూడో కొలత వచ్చింది. అమెరికా నుంచి కిరసనాయిలు 5 అమెరికన్ గ్యాలన్ల రేకుడబ్బాల్లో, రెండేసి డబ్బాలు ఒక చెక్కపెట్టెలో పెట్టి వచ్చేది. 1892లో మార్కస్ శామ్యూల్ అనే లండన్ వ్యాపారి మ్యూరెక్స్ అనే ట్యాంకర్‌ను సూయజ్ కాలువ గుండా పంపి, రష్యా కిరసనాయిలు విడిగా, చౌకగా తెచ్చాడు. జనం కొనలేదు. వాళ్లకి నూనెతో పాటు డబ్బా కావాలి. ఆ రేకుతో ఇళ్ల కప్పులు, గిన్నెలు, చేటలు చేసుకునేవారు. చివరికి శామ్యూల్ కూడా ఇక్కడే డబ్బాలు చేయించి, వాటికి ఎర్ర రంగు వేసి అమ్మాల్సి వచ్చింది. మన పల్లెల్లో కావడికి రెండు వైపులా కట్టి నీళ్లు మోసిన కిరసనాయిలు డబ్బా ఆ సంతతిదే. ఇంపీరియల్ లెక్కలో 4 గ్యాలన్లు, సుమారు 18 లీటర్లు.

ఇన్ని కొలతల మధ్య ధర చెప్పడంలో బ్యారెల్ గెలవడానికి కారణం అమెరికా బలం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ప్రపంచ చమురులో సగానికి పైగా అమెరికాదే. 1928లో స్కాట్లండులోని అక్నకారీ కోటలో పెద్ద కంపెనీలు కూడబలుక్కున్న తర్వాత, నూనె ఎక్కడ తవ్వినా సరే, గల్ఫ్ ఆఫ్ మెక్సికో రేవుల ధరకి అక్కణ్నుంచి ఓడ కిరాయి కలిపి బిల్లు వేసే పద్ధతి నడిచింది. ఆధారం అమెరికా ధర అయినప్పుడు యూనిట్ కూడా అమెరికాదే అవుతుంది కదా. 1960లో బాగ్దాద్‌లో చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ పుట్టేనాటికి ప్రకటిత ధరలన్నీ బ్యారెల్‌కి డాలర్లలోనే ఉన్నాయి. కంపెనీలతో తగాదా పడినవాళ్లు కూడా యూనిట్‌ని ముట్టుకోలేదు.

లీటరు మీద నమ్మకం ఎందుకు ఉండదు

ఇక నా పని దగ్గరికి వస్తాను. నూనె వేడికి ఉబ్బుతుంది. మధ్యరకం క్రూడ్ ప్రతి సెంటీగ్రేడ్ డిగ్రీకీ సుమారు 0.08 శాతం పెరుగుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది. విశాఖలో ఎండాకాలం ట్యాంకులో క్రూడ్ 32 డిగ్రీలు ఉందనుకోండి. వ్యాపారపు బ్యారెల్‌ను 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే 15.56 సెంటీగ్రేడ్ దగ్గర లెక్కేస్తారు. తేడా 16 డిగ్రీల పైన. 10 లక్షల బ్యారెళ్ల సరుకు మీద దాదాపు 13 వేల బ్యారెళ్లు కేవలం వేడి వల్ల ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే "ఎన్ని బ్యారెళ్లు?" అన్న ప్రశ్న సగం ప్రశ్నే. ఎన్ని డిగ్రీల దగ్గర అన్నది కూడా అడగాలి. మన దగ్గర 15 సెంటీగ్రేడ్ వాడతారు, అమెరికన్ కాగితాల్లో 60 ఫారన్‌హీట్. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదా అని వదిలేస్తే పెద్ద సరుకు మీద వందల బ్యారెళ్లు అటూ ఇటూ అవుతాయి.

కొలవడం ఎలా ఉంటుందో కూడా చెబితే బాగుంటుంది. రేవులో ట్యాంకు మీదకి మెట్లెక్కి వెళ్లి, ఇత్తడి బాబు (అంటే గుండు) కట్టిన స్టీలు టేపుని డిప్ హాచ్‌లోంచి, అంటే ట్యాంకు పైనున్న కొలత రంధ్రంలోంచి, దింపుతాం. దీన్నే డిప్ తీయడం అంటాం. దింపేముందు టేపుకి నూనె తేలే మేర ఒక పేస్టు, బాబు మీద నీళ్లు కనిపెట్టే ఇంకో పేస్టు రాస్తాం. అడుగున నీళ్లు ఉంటే రెండో పేస్టు రంగు మారుతుంది. బాబు ట్యాంకు అడుగున కొలత మొదలయ్యే డేటమ్ ప్లేటుకి తగిలిన చిన్న చప్పుడు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆపి, పైకి చుట్టి, నూనె గీత ఎక్కడ పడిందో చదువుతాం. రెండు పార్టీల మనుషులూ పక్కనే నిలబడి అదే గీతను చూస్తారు. రీడింగులు ఒకదానికొకటి కుదిరేదాకా మళ్లీ దింపుతాం. అంత పట్టింపు ఎందుకంటే 80 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో 1 మిల్లీమీటరు అంటే 5 క్యూబిక్ మీటర్లు, 31 బ్యారెళ్ల పైన. గాలికి ఫ్లోటింగ్ రూఫ్ (నూనె మీద తేలే ట్యాంకు కప్పు) కాస్త ఊగితే చాలు, అందరికీ టెన్షనే.

డిప్ తర్వాత ఉష్ణోగ్రత, శాంపిల్, సాంద్రత. సాంద్రతకి ఈ వ్యాపారంలో ఏపీఐ గ్రావిటీ అనే అంకె వాడతారు. 141.5ని సాపేక్ష సాంద్రతతో, అంటే నీళ్లతో పోల్చిన సాంద్రతతో, భాగించి 131.5 తీసేస్తే వస్తుంది. నీళ్లకి 10, బరువు క్రూడ్‌కి 20 ప్రాంతం, అమెరికా తేలిక క్రూడ్‌కి 40 ప్రాంతం. ఈ 141.5 వెనక ఇంకో కథ ఉంది. ఫ్రాన్స్‌కి చెందిన ఆంత్వాన్ బోమే 1768లో పెట్టిన స్కేలు ప్రకారం అక్కడ 140 ఉండాలి. అమెరికాలో తయారైన హైడ్రోమీటర్లు (సాంద్రత కొలిచే సాధనాలు) పొరపాటున 141.5తో గీతలు వేసుకున్నాయి. బయటపడేసరికి అవి అందరి చేతుల్లో ఉన్నాయి. 1921లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ 141.5నే ప్రమాణం చేసేశారు.

ఈ అంకె ఎంత పని చేస్తుందో నేను చూసిన ఒక సరుకు చెబుతాను. పేర్లు వద్దు. సుమారు 10 లక్షల బ్యారెళ్ల కార్గో. దించాక బ్యారెళ్లు లోడింగ్ రేవు కాగితంతో చక్కగా కుదిరాయి. టన్నులు మాత్రం దాదాపు 500 తక్కువ. రిఫైనరీ స్టాకు లెక్కలు టన్నుల్లో ఉంటాయి కాబట్టి వాళ్లకి అది 500 టన్నుల నష్టం. ఓడలో వెతికారు, పైపుల్లో వెతికారు. తీరా చూస్తే లోడింగ్ రేవు సర్టిఫికెట్‌లో ఏపీఐ 33.4 ఉంది, ఇక్కడి ల్యాబులో 34.0 వచ్చింది. ఆ 0.6 తేడా బ్యారెల్‌కి అర కిలో. 10 లక్షల బ్యారెళ్లకి 500 టన్నులు. సరుకు ఎక్కడికీ పోలేదు. దాచిన శాంపిల్‌ను మూడో ల్యాబులో మళ్లీ పరీక్షించి తేల్చుకున్నారు. డబ్బు బ్యారెళ్ల మీద కాబట్టి బిల్లు మారలేదు, కానీ రెండు ఆఫీసుల మధ్య ఉత్తరాలు నెలల తరబడి నడిచాయి.

టన్నుల్లోనూ మెలిక ఉంది. గాలిలో తూచిన బరువా, శూన్యంలో లెక్కేసిన బరువా అని అడగాలి. అంత సరుకు మీద ఆ ఒక్క తేడా 170 టన్నుల పైన.

ఫుజైరాలో ఓడలకి ఇంధనం నింపే బంకర్ల వ్యాపారమంతా టన్నుల్లోనే జరుగుతుంది. అక్కడ క్యాపుచినో అనే మాట వినిపిస్తుంటుంది. నింపేటప్పుడు నూనెలోకి గాలి కలిపితే నురగ లేచి ట్యాంకు నిండినట్టు కనిపిస్తుంది, డిప్ ఎక్కువ చూపిస్తుంది. నింపిన వెంటనే డిప్ తీసుకోమని తొందరపెట్టేవాడి మీద నాకు ఎప్పుడూ అనుమానమే. సింగపూర్ ఈ బెడద వదిలించుకోవడానికి 2017 నుంచి ఓడల ఫ్యూయల్ ఆయిల్‌కి నేరుగా బరువు కొలిచే మీటర్లు తప్పనిసరి చేసింది.

1866 నాటి కొసరు కూడా ఇంకా బతికే ఉంది. సముద్రం మీద వచ్చే క్రూడ్‌లో దారిలో 0.5 శాతం దాకా తగ్గితే సాధారణంగా ఎవరూ దావా వేయరు. అప్పుడు 40కి 2, అంటే 5 శాతం. చెక్కపీపా నుంచి ఉక్కు ట్యాంకర్‌కి వచ్చేసరికి అది పదో వంతుకి తగ్గింది, పూర్తిగా పోలేదు.

మీకు రోజువారీ పనికొచ్చేవి

బ్యారెళ్లని టన్నుల్లోకి మార్చేటప్పుడు పేపర్లు 7.33తో భాగిస్తాయి. మధ్యరకం క్రూడ్‌కి అది సరిపోతుంది. ఏపీఐ 40 ఉన్న క్రూడ్‌కి టన్నుకి 7.6 బ్యారెళ్లు, 20 ఉన్నదానికి 6.7. డీజిల్‌కి 7.45, ఫ్యూయల్ ఆయిల్‌కి 6.35 వాడతారు. యూరప్ డీజిల్ ధర టన్నుకి, సింగపూర్ డీజిల్ ధర బ్యారెల్‌కి చెబుతారు కాబట్టి ఈ రెండూ పోల్చేవాళ్లు ఆ 7.45 గుర్తుపెట్టుకోవాలి.

రోజుకి ఇన్ని బ్యారెళ్లు అన్నదాన్ని ఏడాదికి టన్నుల్లోకి మార్చాలంటే 50తో గుణించండి. విశాఖ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి కోటిన్నర టన్నులంటే రోజుకి సుమారు 3 లక్షల బ్యారెళ్లు. విశాఖలో కొండ కింద తొలిచిన వ్యూహాత్మక నిల్వ గుహలు 13.3 లక్షల టన్నులవి, అంటే 97 లక్షల బ్యారెళ్ల పైన. ప్రభుత్వం టన్నుల్లో చెప్పడానికి కారణం లేకపోలేదు. దేశంలో బొగ్గు, గ్యాస్, డీజిల్ అన్నీ కలిపి శక్తి లెక్క వేయాలంటే బరువే కుదురుతుంది. వేడికి బరువు మారదు కూడా.

ఇంగ్లిష్ రిపోర్టుల్లో ఎం అంటే వెయ్యి, ఎంఎం అంటే పది లక్షలు. రోమన్ అంకెల అలవాటది. ఎం చూసి మిలియన్ అనుకుంటే వెయ్యి రెట్లు తేడా వస్తుంది.

వార్తల్లో క్రూడ్ ధర పక్కన వేసే ఉక్కు డ్రమ్ముల బొమ్మ బ్యారెల్ కాదు. ఆ డ్రమ్ము 55 అమెరికన్ గ్యాలన్లు, 208 లీటర్లు. కందెన నూనెలు, రసాయనాలు వాటిలో వస్తాయి. క్రూడ్ రాదు.

మీరు ట్రేడ్ చేసే బ్యారెల్ కాగితం మీదదే అయినా దాని వెనక నిజమైన ట్యాంకు ఉంటుంది. 2020 ఏప్రిల్ 20న అది అందరికీ తెలిసొచ్చింది. కోవిడ్ వల్ల వాడకం పడిపోయి, అమెరికా కాంట్రాక్టు సరుకు అప్పగించే ఓక్లహామాలోని కుషింగ్‌లో ట్యాంకుల్లో జాగా కరువై, మే నెల సరుకు కాంట్రాక్టు చేతిలో ఉన్నవాళ్లు 1,000 బ్యారెళ్ల సరుకు ఎక్కడ దింపుకోవాలో తెలియక ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. అమెరికాలో ఆ రోజు ధర బ్యారెల్‌కి మైనస్ 37.63 డాలర్లు. ఎంసీఎక్స్ కాంట్రాక్టు సరుకు ఇవ్వకుండా డబ్బుతోనే సెటిల్ అవుతుంది, అయినా ఆ అంకెనే అనుసరించి బ్యారెల్‌కి మైనస్ 2,884 రూపాయల దగ్గర ముగిసింది. ధర సున్నా కంటే కిందకి పోదనుకుని కొన్నవాళ్లు నష్టపోయారు.

మీరు అడిగినదానికి లెక్క కట్టి చెప్పాలంటే, ఎంసీఎక్స్ పెద్ద లాట్ (ఒక కాంట్రాక్టు పరిమాణం) 100 బ్యారెళ్లు, అంటే 15,899 లీటర్లు. అమెరికన్ తేలిక క్రూడ్ అయితే సుమారు 13.1 టన్నులు, రోడ్డు మీద కనిపించే ఒక ట్యాంకర్ లారీడు. మినీ లాట్ 10 బ్యారెళ్లు కాబట్టి అందులో పదో వంతు. బ్యారెల్‌కి 1 రూపాయి కదిలితే పెద్ద లాట్ మీద 100, మినీ మీద 10 రూపాయలు.